సగం సగం పంచితే సరిపోనప్పుడు

సంఖ్యారేఖ మీద ఎంత చిన్న ముక్క పట్టుకున్నా అందులో అకరణీయ సంఖ్యలూ ఉంటాయి, కరణీయ సంఖ్యలూ ఉంటాయి. రెండు జట్లకూ ఉమ్మడి సభ్యులు లేరు. అయినా రెండూ రేఖంతా కిక్కిరిసి ఉంటాయి. ఇలా రెండు సాంద్ర (అంతటా కిక్కిరిసిన) సమితులుగా విడిపోగల స్థలానికి 1943లో అమెరికా గణితవేత్త ఎడ్విన్ హెవిట్ ‘రిజాల్వబుల్’ అని పేరు పెట్టాడు. ఒంటరి బిందువు ఒక్కటున్నా ఈ పంపకం చెడుతుంది: అది ఏదో ఒక వాటాలోనే పడుతుంది, రెండో వాటా దాని దరిదాపులకు రాలేదు.

1963లో జె.సి. కెల్లీ ఒకే సమితి మీద రెండు టోపాలజీలు (ఏది దేనికి దగ్గరో చెప్పే ఏర్పాట్లు) పరిచాడు. కారణం, వెళ్లే దూరం, వచ్చే దూరం వేరయ్యే కొలతలు. తిరుమల కొండకు ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు; ‘దగ్గర’ అన్న మాటకు రెండు లెక్కలు.

ఆ తర్వాత 1965లో బర్క్‌లీలో లోట్ఫీ జాదే ఫజ్జీ సమితి తెచ్చాడు. సభ్యత్వం ఉందా లేదా అని కాదు, ఎంత ఉందని అడగాలి. జపాన్‌లోని సెందాయ్ మెట్రో 1987లో ఈ ఫజ్జీ లెక్కతోనే రైళ్లకు బ్రేకులు వేయించింది. ఈ మూడు ఆలోచనలూ కలిసే చోట మాత్రం రైలూ లేదు, బ్రేకూ లేదు. అంతా కాగితం మీది గణితమే: ఒక ఫజ్జీ సమితి, దాని పూరకం రెండూ రెండు టోపాలజీల్లోనూ సాంద్రం కావాలి.

రెండే బిందువులు, క, చ అనుకుందాం. శూన్యం, మొత్తం కాక మొదటి టోపాలజీలో ఉన్న వివృత సమితి ఒక్కటే: క సభ్యత్వం 0.6, చ సభ్యత్వం 0.7. పూరకమంటే ఒకటిలోంచి తీసివేత. వివృత సమితికి పూరకమే సంవృత సమితి, కాబట్టి అది (0.4, 0.3). దాని కింద ఇమడని సమితి ఏదైనా సాంద్రమే. (0.5, 0.5) ఇమడదు. మరి దాని పూరకం? మళ్లీ (0.5, 0.5)! తానే తన ఎదుటి పక్షం. మామూలు సమితుల్లో ఇది జరగని పని.

రెండో టోపాలజీలో సంవృత సమితి (0.7, 0.8) అయితే ఈ సగం సగం అందులో మునిగిపోతుంది. (0.8, 0.1) మునగదు, క దగ్గర తల పైకెత్తుతుంది. పూరకం (0.2, 0.9) చ దగ్గర తల ఎత్తుతుంది. మొదటి టోపాలజీలోనూ రెండూ నెగ్గుతాయి. సమానంగా పంచినది ఓడినచోట ఏకపక్షపు పంపకం గెలిచింది.

రెండు టోపాలజీల్లో సాంద్రం అనడానికి తమిళనాడు గణితవేత్తలు కొందరు వాడే నిర్వచనం ఇంత కఠినం కాదు. ఒక టోపాలజీలో సంవృతి (సమితిని ఇముడ్చుకునే అతి చిన్న సంవృత సమితి) కట్టి, వచ్చినదానికి రెండోదానిలో సంవృతి కడతారు. ఏ వరుసలో కట్టినా 1, అంటే మొత్తం, రావాలి. అలా చూస్తే (0.5, 0.5) ముందు రెండో టోపాలజీలో (0.7, 0.8) అవుతుంది, తర్వాత మొదటిదానిలో 1కి చేరుతుంది. వరుస మార్చినా 1 దగ్గరే ఆగుతుంది. ఓడిన పంపకం కాస్తా పాసైపోతుంది.