కొత్త బండికి శ్రుతి చేద్దామా?

కచేరీ మొదలయ్యే ముందు వైణికుడు బిరడాలు తిప్పుతూ తీగలు సరిచేసుకోవడం మీరు చూసే ఉంటారు. తీగ వదులైతే నాదం పలకదు. మరీ బిగిస్తే తెగిపోతుంది. మోటారు సైకిలుకు ట్యూనింగ్ చేయడమన్నా ఇలాంటి పనే. అయితే బండిలో ముందుగా ఏ తీగను సవరించాలి? చాలామంది "ఇంజనును" అంటారు. మా పాత విద్యార్థి కూడా అలాగే అనుకున్నాడు.

వానాకాలంలో ఒక ఆదివారం అతను కొత్త బండి మీద మా ఇంటికి వచ్చాడు. వెనక పదో తరగతి చదువుతున్న తమ్ముడు కూర్చుని ఉన్నాడు. ఆ బండి కేటీఎం 390 డ్యూక్. ఆస్ట్రియాలోని మట్టిగోఫెన్‌లో పుట్టిన కంపెనీది. మన దేశంలో పూణె దగ్గరి చాకన్‌లో బజాజ్ ఆటో కర్మాగారంలో తయారైంది. 2023లో విడుదలైన కొత్త రూపం. ఇటువంటి వాటిని 'నేకెడ్' బండ్లంటారు. పందెపు బండ్లకు ఇంజనునూ చట్రాన్నీ కప్పే తొడుగు ఉంటుంది కదా, అది వీటికి ఉండదు. ఇంజను బయటికి కనిపిస్తూనే ఉంటుంది.

నా పాత స్కూటరుకు అలవాటుపడ్డ నేను ఆ బండి మీద ఊరి బయటి దాకా వెళ్లి వచ్చాను. హ్యాండిల్ వెడల్పుగా ఉండటంతో కొద్ది బలంతోనే బండి తిరుగుతోంది. తలుపును బందుల దగ్గర కాకుండా అంచున పట్టి తోస్తే సులువుగా తెరుచుకుంటుంది కదా, ఆ సూత్రమే ఇది. నడుం నిటారుగా పెట్టి హాయిగా కూర్చోవచ్చు. కాని వేగం పెరిగేకొద్దీ గాలి ఛాతీని నెట్టింది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. తొడుగు లేని బండి మీద ఈ పాఠం శరీరానికే తెలిసివస్తుంది.

"మాస్టారూ, మూడు సందేహాలున్నాయి" అన్నాడు మావాడు. "నిమిషానికి 3000 చుట్ల లోపు ఇంజను కుదుపుతూ తిరుగుతోంది, లాగడం లేదు. ఏం మార్చాలి? సైలెన్సర్ మార్పిస్తే సామర్థ్యం పెరుగుతుందా?" మూడోది మాత్రం కాస్త ఆగి చెప్పాడు. "మొన్న తడి రోడ్డు మీద మలుపులో వెనక చక్రం గెంతి పక్కకు జారింది. ఎలాగో పడలేదు."

పిల్లలూ, ఈ మూడింటిలో ఏది ముఖ్యమో మీకు అర్థమై ఉంటుంది. అయినా వరసగానే చూద్దాం.

మొదటిది లెక్కతో తేలుతుంది. ఈ ఇంజనుకు ఉన్నది ఒకే సిలిండరు. దాని వ్యాసం 89 మి.మీ., పిస్టను కదిలే దూరం 64 మి.మీ. ఘనపరిమాణం మీరే కట్టి చూడండి, సుమారు 398 ఘన సెంటీమీటర్లు వస్తుంది. నాలుగు ఘాతాల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒకసారే పెట్రోలు మండుతుంది. 2500 చుట్ల దగ్గర సెకనుకు దాదాపు 21 సార్లన్నమాట. ఒక్కో తోపుకూ మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి కుదుపు తెలుస్తుంది.

ఇక లాగడం సంగతి. సామర్థ్యమంటే టార్క్‌ను కోణీయ వేగంతో గుణించగా వచ్చేది. ఈ ఇంజను గరిష్ఠ టార్క్ 39 న్యూటన్ మీటర్లు. అది 6500 చుట్ల దగ్గర వస్తుంది. అప్పటి సామర్థ్యం సుమారు 26,500 వాట్లు, అంటే 35 అశ్వసామర్థ్యం పైమాటే. 8500 చుట్ల దగ్గర అది 45కు చేరుతుంది. మరి 3000 దగ్గర? అక్కడ కూడా పూర్తి 39 టార్క్ ఉందనే అనుకున్నా, 16 అశ్వసామర్థ్యానికి కాస్త మించుతుందంతే. ఇది లోపం కాదు, గుణకారం!

"ఒక గేరు తగ్గించు. ఇంజను వేగంగా తిరుగుతుంది, బండి లాగుతుంది" అన్నాను.

"ముందు పళ్లచక్రం మారిస్తే?" అన్నాడు. మార్చవచ్చు. ఉదాహరణకు ముందు 15, వెనక 45 పళ్లున్న బండిలో నిష్పత్తి 3. ముందు 14 పళ్ల చక్రం వేస్తే అది 3.21 అవుతుంది. వెనక చక్రానికి అందే టార్క్ 7 శాతం పెరుగుతుంది. కాని అదే వేగంతో పోవడానికి ఇంజను 7 శాతం ఎక్కువ చుట్లు తిరగాలి. ఒకచోట వచ్చింది మరొకచోట చెల్లించాల్సిందే. యంత్రాలు ఉచితంగా ఏమీ ఇవ్వవు.

సైలెన్సర్ సంగతీ అంతే. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెప్పేదాన్ని బట్టి బండిలోని చిన్న కంప్యూటరు ఈ పాళ్లు చూస్తుంటుంది. కంపెనీవారు గాలి వచ్చే దారినీ, పొగ పోయే దారినీ, పెట్రోలు పాళ్లనూ కలిపి శ్రుతి చేశారు. ఒక్కదాన్ని మారిస్తే మిగతావాటితో పొత్తు చెడవచ్చు. పైగా విషవాయువైన కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మార్చే ఉత్ప్రేరకం ఉండేదీ ఆ దారిలోనే. మోత పెరిగితే సామర్థ్యం పెరిగినట్లు చెవికి తోస్తుంది. చెవి మాట నమ్మకూడదు!

ఇక మూడోది, చక్రం గెంతడం. "వెనక స్ప్రింగు రింగును ఎవరైనా తిప్పారా?" అని అడిగాను. మావాడు తల దించుకున్నాడు. గట్టిగా ఉంటేనే పందెపు బండిలా ఉంటుందని స్నేహితుడు చెప్పాడట. ఇతనే చివరిదాకా బిగించాడు.

స్కేలు తెచ్చాం. చక్రం నేలకు ఆనకుండా బండిని స్టాండు మీద ఎత్తి, వెనక ఇరుసు నుంచి తోక దాకా తమ్ముడు కొలిచాడు. తరువాత బండిని దింపి, మావాణ్ణి ఎక్కించి మళ్లీ కొలిచాడు. తేడా 20 మి.మీ. మాత్రమే! వెనక చక్రం కదలగల దూరం 150 మి.మీ. మనిషి ఎక్కి కూర్చుంటే అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు దిగాలన్నది మెకానిక్కుల లెక్క. రింగును కొంచెం కొంచెంగా వదులు చేస్తూ కొలిస్తే చివరికి 41 మి.మీ. వచ్చింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. రింగు బిగిస్తే స్ప్రింగు స్థిరాంకం మారదు. బండి పైకి లేస్తుంది, అంతే. మరి దిగడం ఎందుకు కావాలి? రోడ్డు మీద గుంట వచ్చినప్పుడు స్ప్రింగు సాగి చక్రాన్ని కిందికి నెట్టాలి. ముందే దాదాపు పూర్తిగా సాగి ఉంటే ఇక సాగడానికి చోటేదీ? చక్రం గాలిలో తేలుతుంది. ఘర్షణ బలం నేల ఇచ్చే అభిలంబ ప్రతిచర్య మీద ఆధారపడుతుందని మీరు చదువుకున్నారు. ప్రతిచర్య సున్నా అయితే ఘర్షణా సున్నాయే. మలుపులో ఆ క్షణం ఎంత ప్రమాదమో చెప్పాలా?

ఇప్పుడు చెప్పండి, ఏ తీగను ముందు సవరించాలి? ఇంజను ఎంత సామర్థ్యం ఇచ్చినా అది రోడ్డుకు చేరేది అరచేయంత రబ్బరు ద్వారానే. ఆపేది కూడా ఆ రబ్బరే. గంటకు 60 కి.మీ. వేగంలో బ్రేకు వేస్తే, ఘర్షణ గుణకం 0.7 ఉన్న పొడి రోడ్డు మీద సుమారు 20 మీటర్లలో బండి ఆగుతుంది. తడి వల్ల గుణకం 0.4కు తగ్గితే 35 మీటర్లు కావాలి. పొడి రోడ్డు మీదే అయినా 120 కి.మీ. వేగమైతే 80 మీటర్లు! బ్రేకు వేయాలని తోచేలోపు పోయే దూరం దీనికి అదనం. ఇంజనును ఎంతైనా మార్చవచ్చు. రోడ్డును మాత్రం ఏ మెకానిక్కూ ట్యూన్ చేయలేడు.

సాయంత్రం మావాడు అదే మలుపులో మెల్లగా వెళ్లి వచ్చాడు. "చక్రం నేలను వదల్లేదు మాస్టారూ" అన్నాడు. సైలెన్సర్ మాట మళ్లీ ఎత్తలేదు. తమ్ముడు మాత్రం 20, 41 అంకెలను నోటుబుక్కులో జాగ్రత్తగా రాసుకున్నాడు.

ఇలాంటి బండి నడపడానికి మీకు 18 ఏళ్లు నిండాలి. కొలవడానికి మాత్రం ఏ వయసైనా ఫరవాలేదు. ఇంట్లో మోటారు సైకిలు ఉంటే, ఇంజను ఆపి ఉన్నప్పుడు, పెద్దలను తోడు పెట్టుకుని కొలవండి. ఒకరు ఎక్కితే ఎంత దిగింది? ఇద్దరు ఎక్కితే ఎంత? బరువుకూ దిగిన దూరానికీ గ్రాఫు గీయండి. ఆ గీత సరళరేఖా, కాదా? కాకపోతే ఎందుకో మీ మాస్టారిని అడగండి.