చెప్పెయ్ రా బాబూ!

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ దిగి దిల్‌సుఖ్‌నగర్ వైపు నడిస్తే ఏ గల్లీలో చూసినా హాస్టల్ బోర్డులు, కోచింగ్ ఫ్లెక్సీలే. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షకో చదివే పిల్లలు రాత్రి మెస్‌లో తినేసి, మంచమెక్కి ఫోన్‌లో చూసేవాటిలో ఇప్పుడు జపాన్ యానిమే కూడా చేరింది. చిన్నప్పుడు టీవీలో తెలుగు మాట్లాడే డోరేమాన్‌ను చూసి పెరిగిన తరం ఇది. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' 2025 సెప్టెంబరు 12న తెలుగు డబ్బింగ్‌తోనే థియేటర్లకు వచ్చింది. కత్తియుద్ధాలతో ఈ ప్రేక్షకులకు పేచీ లేదు. ఒళ్లు మండేదల్లా ప్రేమకథల దగ్గరే. అబ్బాయికి ఇష్టం, అమ్మాయికీ ఇష్టం, చూసేవాళ్లకు మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోయింది. ఆ ఇద్దరూ మాత్రం సీజన్ల తరబడి మీనమేషాలు లెక్కపెడుతుంటారు.

'డిటెక్టివ్ కోనన్'నే తీసుకోండి. షినిచి లండన్‌లో రాన్‌కు తన మనసు చెప్పిన ఎపిసోడ్లు జపాన్ టీవీలో 2011లో వచ్చాయి. క్యోటో స్కూల్ యాత్రలో ఆమె అతని బుగ్గమీద ముద్దుపెట్టి తన జవాబు తెలిపింది 2019 జనవరిలో. ఒక్క జవాబుకు ఎనిమిదేళ్లు! కథలో మాత్రం వాళ్లింకా హైస్కూల్ పిల్లలే.

'నిసెకోయ్' ఇంకో రకం. చిన్ననాటి ప్రమాణానికి గుర్తుగా హీరో మెడలో తాళం వేసిన లాకెట్ ఉంటుంది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆ అమ్మాయే అసలు జోడీ. తీరా చూస్తే ఒకరికి మించి అమ్మాయిల దగ్గర తాళంచెవులున్నాయి. సరే, ఒకరిదైనా తిప్పి చూద్దామంటే అది లోపలే విరిగిపోతుంది. కథ ఎక్కడ తేలిపోతుందోనని రచయిత ఎంత భయపడ్డాడో ఆ విరిగిన ముక్క చూస్తే తెలుస్తుంది. 2011లో మొదలైన ఆ మాంగా (బొమ్మల కథ) 2016 దాకా, 25 సంపుటాలు నడిచింది.

జపాన్ అలవాట్లలో ఈ సాగదీతకు ఒక కారణముంది. అక్కడ జంటగా తిరగడానికి ముందు ఒకరు నోరు తెరిచి 'నువ్వంటే ఇష్టం' అని చెప్పడం, అవతలివాళ్లు ఒప్పుకోవడం మామూలు పద్ధతి. కాబట్టి కథ మొత్తం ఆ ఒక్క మాట మీదే వేలాడుతుంది. మాట నోటిదాకా వచ్చేసరికి రైలు దూసుకుపోతుంది, బాణాసంచా పేలుతుంది, స్నేహితుడెవడో తలుపు తీస్తాడు. 'కాగుయా-సామా: లవ్ ఈజ్ వార్' ఈ జాడ్యాన్నే హాస్యంగా మార్చుకుంది. అందులో ముందు చెప్పినవాళ్లు ఓడిపోయినట్టు. మొదటి ఎపిసోడ్‌లో ఒక సినిమా టికెట్ల దగ్గర, 'వస్తావా' అని అడిగే పని ఎదుటివాళ్ల మీదికి నెట్టాలని ఇద్దరు మేధావి విద్యార్థులు వేసే ఎత్తులు చూస్తే నవ్వాగదు.

అలవాటు కంటే పెద్ద కారణం వ్యాపారం. యానిమే చాలావరకు వారపత్రికల్లోనో మాసపత్రికల్లోనో వచ్చే మాంగాల నుంచి పుడుతుంది. షోనెన్ జంప్ లాంటి వారపత్రిక పాఠకుల ఓట్లు చూసి ఏ కథ ఉండాలో, ఏది పోవాలో తేలుస్తుంది. ఓట్లు పడుతున్న కథలో జంటను కలిపేసి, నడుస్తున్న బండిని ఎవరు ఆపుకుంటారు? యానిమే వేగంగా వెళ్లి మాంగాను అందుకుంటే అదింకో చిక్కు. 'ఇనుయాషా' 2004లో 167 ఎపిసోడ్లతో కథ మధ్యలోనే ఆగింది. మాంగా 2008లో ముగిశాక, మిగతాది 2009లో మొదలుపెట్టి పూర్తిచేశారు.

తెలుగువాళ్లకు ఇదేమీ కొత్త కాదు. స్టార్ మాలో 2017 అక్టోబరు 16న మొదలైన 'కార్తీకదీపం' 2023 జనవరి 23 దాకా నడిచింది. మలయాళంలో వచ్చిన 'కరుత్తముత్తు' దీనికి మూలం. భార్యను అనుమానించిన డాక్టర్‌బాబు ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోయే కథ. ఆ మాట రాష్ట్రమంతా అరిచింది, మీమ్స్ వేసింది, మర్నాడు మళ్లీ టీవీ ముందు కూర్చుంది. మన సీరియల్లో పెళ్లి ముందే అయిపోతుంది, దాచేది నిజాన్ని. జపాన్ కథలో దాచేది మనసులో మాటను. జీడిపాకం మాత్రం ఒకటే. అక్కడ పాఠకుల ఓట్లు, ఇక్కడ గురువారం గురువారం వచ్చే టీఆర్పీలు.

నెమ్మది కథలన్నిటినీ ఒకే గాట కట్టడం మాత్రం అన్యాయం. 'కిమి ని తొదొకె'లో సవాకో వాలెంటైన్స్ డే నాడు క్లాసులో తెలిసినవాళ్లకు చాక్లెట్లు పంచి, తాను ఇష్టపడే కజెహాయాకు మాత్రం ఇవ్వలేకపోతుంది. అతని కోసం చేసినదానికి అర్థం వేరు కనుక చెయ్యి ముందుకు రాదు. తనొక్కడికే దక్కలేదని అతను చిన్నబుచ్చుకుంటాడు. దయ్యం సినిమాలో పిల్లలా ఉందని అందరూ దూరం పెట్టిన అమ్మాయి, ఒకరికి తాను ఇష్టం కావచ్చని నమ్మడానికే టైం పడుతుంది. ఆ ఆలస్యంలో న్యాయముంది. కాకపోతే 2011 నాటి రెండో సీజన్ తర్వాత మూడోది 2024లో రావడానికి న్యాయం వెతకడం కష్టం.

ఇనుయాషాను సృష్టించిన రుమికో తకహషియే 1980లో 'మెజాన్ ఇక్కొకు' మొదలుపెట్టారు. మూసారాంబాగ్ హాస్టల్ కుర్రాళ్లు చూడాల్సింది అసలు ఇదే. హీరో గొదాయ్ యూనివర్సిటీ ఎంట్రన్స్ తప్పి, మళ్లీ రాయడానికి ఓ పాత అద్దెకొంపలో గది తీసుకుని చదువుతుంటాడు. పక్కగదులవాళ్లు రాత్రిళ్లు అతని గదిలోనే మందు పార్టీ పెడతారు. ఆ కొంపను చూసుకునే క్యోకో భర్త పోయిన యువతి. తన కుక్కను చనిపోయిన భర్త పేరుతోనే పిలుస్తుంది. గొదాయ్ సీటు సంపాదించాలి, ఉద్యోగం వెతుక్కోవాలి, ఆమె పాత దుఃఖాన్ని దాటి రావాలి. చివరికి అతను ఆమె భర్త సమాధి ముందు నిలబడి, ఆమెను ఆ జ్ఞాపకాలతో సహా స్వీకరిస్తానని చెప్పుకుంటాడు. అది ఆమె చెవిన పడుతుంది. పెళ్లవుతుంది, ఓ పాప పుడుతుంది. ఇదంతా జరగడానికి దాదాపు ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ పాత్రలకూ వయసు పెరిగింది. అందుకే ఆలస్యం అనిపించదు.

కొత్తగా ప్రేమ యానిమే మొదలుపెట్టేవాళ్లు ముందుగా దాని మాంగా పూర్తయిందో లేదో చూసుకోవడం మంచిది. 2017లో మాంగాగా మొదలైన 'రెంట్-ఎ-గర్ల్‌ఫ్రెండ్' యానిమే 2025లో నాలుగో సీజన్‌కు వచ్చినా హీరో హీరోయిన్లు కజుయా, చిజురుల సంగతి తేలలేదు. ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్లండి.