గుంటల లెక్క – మ్యాక్రో లూపు

మన మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో భూమి అంటే ఎకరాలు, గుంటలు. ఎకరాకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. పహాణీలో 2.20 అని ఉంటే అది రెండున్నర ఎకరాలని రైతుకు తెలుసు. కంప్యూటరు మాత్రం దాన్ని మామూలు దశాంశమే అనుకుంటుంది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మన మూడుచింతలపల్లిలోనే ప్రారంభమైంది. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. భూమి లెక్క కంప్యూటరెక్కిన ఈ కాలంలో రైతుబిడ్డలమైన మనం ఈ సంగతి తెలుసుకోవాలి.

ఊరి రైతుల పట్టిక ఎక్సెల్‌లో ఉన్నదనుకుందాం. మనం చేతితో చేసే పనిని మనకు బదులు చేసిపెట్టే ఆదేశాల మూటే మ్యాక్రో. నాగలి సాలు వెంట సాలు వేసినట్టు, అదే పనిని వరుస వెంట వరుసకు చేయించేది లూపు.

'డూ వైల్' అనే లూపుకు "గడి ఖాళీగా లేనంతవరకు నడువు" అని చెబుతారు. ఇందులో ఒక చిక్కుంది. నడుమ ఒక్క గడి ఖాళీగా ఉన్నా లూపు అక్కడే ఆగుతుంది. దాని కింది రైతులంతా లెక్కలో లేనట్టే. తప్పు జరిగిందని కంప్యూటరు చెప్పదు. కాబట్టి పట్టిక అడుగు నుండి పైకి వెతికి, చివరి వరుస నంబరు పట్టుకొని 'ఫర్–నెక్స్ట్' లూపు నడపడమే మేలు.

ఇక గుంటలు. ముగ్గురు అన్నదమ్ములకు తలా 0.35, అనగా 35 గుంటలున్నాయనుకోండి. ఊరికే కూడితే 1.05 వస్తుంది. ఎకరం ఐదు గుంటలని చదువుకుంటాం, అనుమానమే రాదు. నిజానికి అవి 105 గుంటలు, అంటే 2 ఎకరాల 25 గుంటలు. ఎకరన్నర గాయబ్! 2018లో మొదలైనప్పుడు రైతుబంధు పంటకు ఎకరాకు 4,000 రూపాయలు. ఆ లెక్కన 6,000 పోయినట్టే.

దీనికి మందు ఇదీ. ప్రతి వరుసలో చుక్కకు ముందున్న అంకెను 40తో హెచ్చించాలి. చుక్క తర్వాతి భాగాన్ని 100తో హెచ్చించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించి కలపాలి. ఆ సవరింపు మాని 'ఇంట్' వాడితే 1.15లోని 15 గుంటలు 14.999...గా మారి, చివరకు 14 అవుతాయి. లూపు ముగిశాక మొత్తాన్ని 40తో భాగిస్తే భాగఫలం ఎకరాలు, శేషం గుంటలు. మొత్తాన్ని దాచే చలరాశిని 'లాంగ్'గా ప్రకటించాలి. 'ఇంటిజర్'లో 32,767కు మించి పట్టదు. అంటే 819 ఎకరాలు దాటితే మ్యాక్రో ఆగిపోతుంది.

మిత్రులారా! మ్యాక్రో రాసినాక నాలుగు వరుసలు చేతితో కూడి సరిచూసుకోండి. యంత్రం వేగం గొప్పదే కాని, గుంట అంటే ఏమిటో దానికి చెప్పవలసింది మనమే.