చొల్లంగి అమావాస్యకు పండుగప్ప వేట

పుష్యమాసంలో తెల్లవారుజామున కడెం జలాశయం గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న మనిషిని ఒక్కసారి చూస్తే, ఈ వ్యాసం ఎందుకు రాయవలసి వచ్చిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. తలకు మఫ్లరు, ఒంటి నిండా గొంగడి, పక్కన నాలుగు ఎండుకొమ్మల మంట. నీళ్ళ మీద పొగమంచు. బెండు ఎక్కడున్నదో కనిపించదు. ఎండ ఎక్కి కనిపించినా కదలదు. మధ్యాహ్నానికి ఎర గుచ్చింది గుచ్చినట్టే తిరిగి వస్తుంది.

నిర్మల్ చలి అంటే పైవారికి నమ్మకం కుదరదు. ఎండాకాలంలో నిప్పులు చెరిగే ఊళ్ళో చలేమిటని నవ్వుతారు. మాకు ఉత్తరాన ఆదిలాబాదు అడవి పల్లెల్లో కొన్ని ఏళ్ళు 5 డిగ్రీల దాకా దిగుతుంది. మా ఊరు అంత కాకపోయినా వణికించడానికి సరిపోతుంది. చేపకు మనలాగ ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. నీరు ఎంత చల్లనో దాని ఒళ్ళూ అంత చల్లన. ఆకలి మందగిస్తుంది, తిన్నది అరగదు. బొచ్చె, శీలావతి లోతుకు దిగి కదలక మెదలక వుంటాయి. కార్తికం నుంచి మాఘం దాకా గాలపు వాళ్ళకు ఉపవాస కాలమే.

మామూలు మనిషి ఆ నాలుగు నెలలూ గాలం అటక మీద పెట్టి ఊరుకుంటాడు. మా మేనమామ ఊరుకునే మనిషి కాడు. పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ గారు 1963 జూలై 26న శంకుస్థాపన చేసేనాటికే ఆయన సోన్ దగ్గర గోదావరిలో గాలం వేస్తున్న కుర్రవాడు. స్వర్ణ, కడెం, ఊళ్ళోని చెరువులు, ఆయన గాలం తడవని నీరు ఈ చుట్టుపక్కల లేదు. అటువంటివాడికి అరవై దాటాక ఉబ్బసం పట్టుకున్నది. మంచులోకి వెళితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు ఖండితంగా చెప్పాడు. ఆ సంవత్సరం నుంచి చలికాలం రాగానే ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం, మాటలు తగ్గించడం, అన్నం సగం వదిలేయడం మొదలైంది. జబ్బు కన్న ఈ మౌనమే మా అత్తమ్మను ఎక్కువ భయపెట్టింది.

అమెరికాలో ఉత్తరాది రాష్ట్రాలవారు మంచు పడగానే బాస్ అనే చేప కోసం దక్షిణాన వున్న ఫ్లారిడాకు ప్రయాణం కడతారు. ఆ దేశంలో బాస్ వేట అంటే మనకు క్రికెట్టు వంటి పిచ్చి. 1932లో జార్జియా రాష్ట్రంలో ఒకాయన పట్టిన ఇరవై రెండు పౌన్ల చేపను గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడివారు చలినుంచి వెచ్చదనానికి పోగా లేనిది మనం పోకూడదా అని నాకు ఆలోచన వచ్చింది. పటం ముందు వేసుకుని చూస్తే ఫ్లారిడా అక్కరలేదని తేలింది. బాసర దగ్గర మన రాష్ట్రంలో అడుగుపెట్టి, సోన్ పక్కనుంచి సాగే గోదావరే కిందికి పోయి ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని చీలి సముద్రంలో కలుస్తున్నది. కాకినాడ, యానాం ప్రాంతంలో జనవరి రాత్రి కూడా చలి ఇరవై డిగ్రీల దరిదాపులోనే వుంటుంది. పైగా అక్కడి ఉప్పుటేరుల్లో బాస్ కు వేలు విడిచిన చుట్టమొకటి వున్నది. అదే పండుగప్ప.

పండుగప్పను బెంగాలీలు భేట్కి అంటారు, ఆస్ట్రేలియావారు బారముండి అంటారు. వెండిపొలుసులు, వంపు తిరిగిన నుదురు, దీపపు వెలుగులో ఎర్రగా మెరిసే కళ్ళు. నోరు తెరిచిందంటే ఎదుటి చేపపిల్ల నీటితో సహా లోపలికి పోవలసిందే. గాలానికి తగిలితే నీటిమీదికి ఎగిరి తల విదిలిస్తుంది. దీని జీవితం కూడా విచిత్రమైనది. ఏటిమొగల దగ్గర ఉప్పునీటిలో పుట్టి, పిల్లగా వున్నప్పుడు మంచినీటి వైపు ఎగబాకి, పెరిగి పెద్దదై మళ్ళీ మొగకే వచ్చి గుడ్లు పెడుతుంది. అంతకన్న చిత్రం, ముందు మగచేపగా బతికి, కొన్నేళ్ళకు బాగా పెరిగిన మీదట ఆడచేపగా మారుతుంది. కాబట్టి మరీ పెద్దవన్నీ తల్లులే అనుకోవచ్చు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన తరువాత ఎగువకు దీని దారి ధవళేశ్వరంతో ఆగింది. మన దగ్గరికి అది రాలేదు గనుక మనమే దాని దగ్గరికి పోవాలి.

మొదటిసారి 2020 సంక్రాంతికి పోయాము. చదువుకున్నవాడినన్న ధీమాతో ఏర్పాట్లన్నీ నేనే చేశాను, అన్నీ తప్పే చేశాను. సెలవులున్నాయి కదా అని పండగ వారం ఎంచుకున్నాను. ఆ వారం గోదావరి జిల్లాలకు లోకమంతా తరలి వస్తుంది. రైల్లో చోటు లేదు. ముందే మాట్లాడుకున్న గదిని ఒక లాడ్జివారు మరెవరికో ఇచ్చేసి, మామను వరండాలో రెండు గంటలు కూర్చోబెట్టి, చివరకు మేడమీద అటకలాంటి గది చూపించారు. అదైనా సహించాము. అలవాటు ప్రకారం తెల్లవారుజామునే పడవ ఎక్కి మూడు రోజులు గాలాలు వేస్తే నీరు కదలదు, చేప కదలదు.

“గిది గోదారా, కుంటనా అల్లుడా? గీ మాత్రానికి మన కడెం లేదా?” అన్నాడు మామ.

పడవతను మూడో రోజున గాని నోరు విప్పలేదు. “మీరు అష్టమి దగ్గర పెట్టుకుని వచ్చారండి. పోటు లేదు, ఆటు లేదు. నీరు పారకపోతే పండుగప్ప ఎందుకు తిరుగుతుందండీ? పైగా పొద్దున్నే వస్తారు. దానికీ చలే కదండీ!”

“మొదటినాడే చెప్పొచ్చు కదయ్యా” అన్నాను.

“మీరు అడగలేదండి” అన్నాడు.

ఆ సంవత్సరం పౌర్ణమి జనవరి 10న వచ్చింది. పండగ నాటికి బహుళ పంచమి, మేము తిరుగు ప్రయాణం కట్టేసరికి అష్టమి. సూర్యచంద్రులిద్దరూ ఒక వరుసన నిలిచే అమావాస్య, పౌర్ణములకు సముద్రం బాగా పొంగి బాగా తీస్తుంది. ఒకరికొకరు అడ్డంగా లాగే అష్టములకు ఆ రెండూ సన్నగిల్లుతాయి. పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతి రోజూ ముప్పావు గంటకు పైగా వెనకబడుతుంది. ఆటు సమయంలో మడ అడవుల్లోని చిన్న కాలువలు ఖాళీ అవుతూంటే రొయ్యలూ చేపపిల్లలూ నీటితోపాటు పెద్ద పాయలోకి కొట్టుకువస్తాయి. ఆ కాలువ నోటి దగ్గర ఒక మొద్దు చాటునో వేళ్ళ చాటునో పండుగప్ప కాపు వేసి వుంటుంది. వడ్డించే చోట కూర్చోవడమే దాని తెలివి. దీనికి కావలసింది గడియారం కాదు, పంచాంగం. మామ ఇంట్లో పంచాంగం మేకుకు వేలాడుతూనే వున్నది!

తరువాత కరోనా వచ్చి రెండేళ్ళు మింగింది. మామకు ఆ రెండేళ్ళలో ఊపిరి మరింత తగ్గింది. ఇక పోతే ఒక్కసారే పోగలమని ఇద్దరికీ తెలుసు, ఎవరమూ అనలేదు. 2023కు మాత్రం ఏర్పాట్లు వెనకనుంచి ముందుకు చేశాను. ముందు తిథి, తరువాత పోటు వేళ, తరువాత పడవ, ఆ తరువాత గది, చిట్టచివర రైలు.

పుష్య బహుళ అమావాస్యకు గోదావరి జిల్లాల్లో చొల్లంగి అమావాస్య అని పేరు. కాకినాడ నుంచి యానాం పోయే దారిలో చొల్లంగి వున్నది. ఆనాడు జనం అక్కడ సాగరసంగమ స్నానం చేసి సప్తసాగర యాత్ర మొదలుపెడతారు. అదే రాత్రి మా ఆదిలాబాదు వైపు కేస్లాపూర్‌లో మెస్రం వంశపు గోండులు గోదావరి నీరు కాలినడకన మోసుకువచ్చి నాగోబాకు అభిషేకం చేస్తారు. నదికి ఈ కొసనా ఆ కొసనా ఒకే తిథి పట్టింపు! గాలం వేసేవాడికీ అదే తిథి కలిసి వస్తుంది. కార్తికపు నియమాలు అయిపోయి వుంటాయి, సంక్రాంతి రద్దీ తగ్గుతుంది, తుఫానుల కాలం వెనకబడుతుంది. 1996 నవంబరు 6న ఆ తీరం మీద పడ్డ తుఫాను చూసినవారు నవంబరులో ఏటిమొగకు పోదామంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

2023లో అమావాస్య జనవరి 21. ఆనాడు చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడు గనుక పోటు మామూలు కంటె ఉధృతం. నీళ్ళు బురద కలుస్తాయి, స్నానాల జనమూ వుంటారు, రెండు రోజులు ఆగి రమ్మన్నాడు పడవతను. తదియ నాటికి గౌతమిలో పోటు పదకొండు దరిదాపున నిండి, మధ్యాహ్నమంతా ఆటు నడిచింది. అంటే నీరు వెచ్చబడే వేళా, చేప మేతకు వచ్చే వేళా, ఉబ్బసపు మనిషి బయటికి రాగల వేళా ఒక్కటే అయినాయి. మామ తొమ్మిదింటిదాకా నిద్రపోయి, భోజనం చేసి, చొక్కా మీద పడవ ఎక్కాడు. మఫ్లరు గదిలోనే వుండిపోయింది. జనవరిలో ఆయన్ను మఫ్లరు లేకుండా చూడడం నాకు పదేళ్ళలో అదే మొదలు.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలి. విదేశాలవారు బొమ్మచేపలను ఎరగా వాడతారని ఎక్కడో విని, మామ మా ఊరి బొమ్మల పనివాడి చేత పొనికి కర్రతో జానెడు చేప చేయించాడు. పొనికి బెండులా తేలికైన కర్ర. రంగులు చూస్తే నిజం చేప సిగ్గుపడాలి. కాని నిర్మల్ బొమ్మల్లో అతుకులు వేసేది చింతగింజల బంకతో. గంటసేపు ఉప్పునీటిలో ఈదేసరికి ముందు తోక, తరువాత రెక్కలు విడివడి ఎవరి దారిన అవి పోయాయి. పడవతను నవ్వు ఆపుకోలేక తెడ్డు జారవిడిచాడు. మామ ఆ మొండెం తుడిచి జేబులో వేసుకుని, “రొయ్యనే కుచ్చు” అన్నాడు.

మూడున్నర దాటాక మూడో కాలువ నోటి దగ్గర దారం బిగిసింది. చేప పైకి ఎగిరి తల విదిలించింది. వెండి పళ్ళెం విసిరినట్టు వెలుగు. మామ కర్ర నడుముకు ఆనించి పది నిమిషాలు పోరాడాడు. ఊపిరి ఈలలా వినిపిస్తున్నది. నేను చెయ్యి చాస్తే తోసేశాడు. ఇంకో రెండు నిమిషాలకు తానే కర్ర నా చేతికిచ్చి, “పట్టు అల్లుడా. నాతోని అయితలేదు” అని, జేబులోని మందు పీల్చి పడవ అంచుకు చేరబడ్డాడు. ఆయన తన కర్ర ఇంకొకరి చేతికివ్వడం నేనెరుగుదును, అంతకు ముందు లేదు. చేపను పైకి తెచ్చేసరికి ఆయనకు ఊపిరి చిక్కింది. మూడు కిలోల పైచిలుకు తూగింది. ఆ రాత్రి పడవతని ఇంట్లోనే పులుసు. చాలా రోజుల తరువాత మామ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

మరునాడు దానికి మూడింతలున్నది తగిలింది. పెద్దవి తల్లులు గనుక వదిలేద్దామని నేను, ఇంత దూరం వచ్చి వదలడమేమిటని మామ వాదించుకుంటూండగానే అది దవడపక్కన కత్తిలాంటి అంచుతో దారం కోసుకుని తీర్పు చెప్పింది.

వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. నిర్మల్ నుంచి బస్సులో సికింద్రాబాదు చేరి రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారి కాకినాడ. అక్కడినుంచి యానాం ముప్పై కిలోమీటర్ల దరిదాపు. యానాం అనగానే కొందరికి వేరే సరదా గుర్తుకు వస్తుంది. పడవ ఎక్కేవారు దాని జోలికి పోకపోవడం మేలు. కోరింగ మడ అడవి 1978 నుంచి అభయారణ్యం. దాని హద్దుల్లో గాలం వేయకూడదు. ఎక్కడ వేయవచ్చునో ముందే అటవీ శాఖవారినీ, మత్స్యశాఖవారినీ అడగాలి. ఊరివారి వలలకు అడ్డుపోకూడదు. దారం చివర మూరెడు మందపాటి నైలాను తప్పనిసరి. చేపను దవడపక్కన వట్టిచేత్తో పట్టారా, వేళ్ళు తెగుతాయి. పులస అడగకండి, అది వరదల నాటి చేప, చలికాలంలో పులస అని అమ్మితే అది పులస కాదు.

చొల్లంగి అమావాస్య 2026లో జనవరి 18న. ఆ ఏడు అధిక జ్యేష్ఠం రావడం వల్ల 2027లో ఫిబ్రవరి 6 దాకా జరుగుతుంది. నీరు అప్పటికి మరికాస్త వెచ్చబడుతుంది గనుక మంచిదే. రైలు టిక్కెట్టు ఇప్పుడు అరవై రోజుల ముందే ఇస్తున్నారు, డిసెంబరు మొదట్లోనే మేలుకోవాలి. మామ మళ్ళీ బొమ్మల పనివాడి దగ్గరికి పోయి వచ్చాడు. ఈసారి చింతగింజల బంక వద్దనీ, చేపంతా ఒకే కర్రలో చెక్కమనీ చెప్పాడట.