ద్వితీయ సంవత్సరంలో ఐచ్ఛిక విషయాల ఎంపిక

తెలుగులో మనం ‘ఐచ్ఛికం’ అంటాము. ఉర్దూలో ‘ఇఖ్తియారీ మజ్మూన్’ అంటారు. మొదటి మాటలో ఇచ్ఛ ఉన్నది. రెండవది అరబ్బీ ధాతువును బట్టి ‘ఖైర్’ అనే మాటకు చుట్టం. ఉన్నవాటిలో మేలైనదానిని ఏరుకొనడమని దాని భావం. ఎం.బి.ఏ. ద్వితీయ సంవత్సరంలో అడుగుపెట్టే విద్యార్థికి ఈ రెండూ కావాలి. కాని తరచు జరుగుతున్నది వేరు. పక్కవాడు దరఖాస్తులో ఏది వ్రాస్తే మనమూ అదే వ్రాసి ఇచ్చివేస్తున్నాము.

మొదటి సంవత్సరంలో ఎంపిక ప్రసక్తి ఉండదు. అకౌంటెన్సీ, ఆర్థికశాస్త్రం, గణాంకాలు, మార్కెటింగ్ వంటివి అందరూ చదువవలసినవే. 1908లో ప్రారంభమైన హార్వర్డ్ బిజినెస్ స్కూలులో నేటికీ మొదటి ఏడు నిర్బంధ విషయాలు, రెండవ ఏడు ఐచ్ఛికాలు. 1957లోనే ఎం.బి.ఏ. ప్రారంభించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలుకొని మన విశ్వవిద్యాలయాలు కూడ స్థూలంగా ఈ క్రమాన్నే పాటిస్తున్నాయి. ఐచ్ఛికాలు ఎక్కువగా మూడు, నాలుగు సెమిస్టర్లలో వస్తాయి. మొదటి ఏడు వ్యాపారాన్నంతటినీ ఒకసారి చూపుతుంది. రెండవ ఏడు అందులో ఒక పనిని చేతికి అలవరుస్తుంది. కనుక ఐచ్ఛికాన్ని దాని పేరును బట్టి గాక, అది నేర్పే పనిని బట్టి ఎన్నుకొనవలెనని నా అభిప్రాయం.

పేర్లు ఎంత మోసం చేస్తాయో చూడండి. మార్కెటింగ్ అనగానే ఎండలో తిరిగే ఉద్యోగమని భయం. మానవ వనరులు అనగానే ఆడపిల్లలకు అనువైన తేలిక విషయమని ఒక ప్రచారం. ఇంతకంటె అర్థం లేని మాట మరొకటి లేదు. ఆ శాఖలో కార్మిక చట్టాలు చదువవలసి ఉంటుంది. 29 కేంద్ర చట్టాల స్థానంలో వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చాయి. పై తరగతివారు ఇచ్చిపోయిన పాత నోట్సుతో గట్టెక్కుదామనుకొనేవారికి అది తేలిక విషయం కానేకాదు.

మన కళాశాలలో మరింత లోతుగా ఆలోచించవలసిన పేరు ‘ఫైనాన్స్’. వడ్డీ హరాం గనుక ఫైనాన్స్ తీసుకొనరాదని కొందరు మంచి విద్యార్థులు దానిని వదలుకొంటున్నారు. వారి నియ్యత్ గౌరవింపదగినదే. అయితే ఆ శాఖలో నేర్పే పని ఏమిటి? లాడ్ బజారులో లక్క గాజుల వ్యాపారి ఒకరున్నారనుకుందాం. సరుకు ఆయన దుకాణంలో 40 రోజులు నిలుస్తుంది. అమ్మిన తరువాత డబ్బు చేతికి రావడానికి మరి 30 రోజులు. లక్క, రాళ్ళు ఇచ్చినవారు మాత్రం 20 రోజులే ఆగుతారు. అంటే 50 రోజులపాటు ఆయన సొంత డబ్బు చిక్కుకొని ఉంటుంది. నిర్వహణ మూలధనమనే పాఠమంతా ఈ లెక్కకు విస్తరణయే. ఇందులో వడ్డీ ఎక్కడ? వ్యాపార సరుకుపై నలభైలో ఒక వంతు జకాత్ తీయాలన్నా సరుకు విలువ కట్టడం, రావలసిన బాకీలను లెక్కించడం తెలియాలి.

పైగా వడ్డీ లేని విత్తవ్యవస్థ కూడ నేడు ఒక పెద్ద శాస్త్రం. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు 1975లోను, మలేషియాలో బ్యాంక్ ఇస్లాం 1983లోను స్థాపితమయ్యాయి. లాభనష్టాలను పంచుకొనే ముషారకా, ఒకరి ధనం మరొకరి శ్రమ కలిసే ముదారబా ఒప్పందాలను మామూలు విత్తశాస్త్రం రాని వ్యక్తి తూచలేడు. మన దేశంలో ఇటువంటి బ్యాంకింగు ప్రతిపాదనను ముందుకు తీసుకొనిపోరాదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్ణయించిన మాట నిజమే. కాని చదువు వేరు, చేరబోయే ఉద్యోగం వేరు. ఏ ఉద్యోగం తగునో ఆలిములను అడగండి. ఏ పాఠం తగునో పాఠ్యప్రణాళికను అడగండి.

పాఠ్యప్రణాళికతో పాటు గడచిన రెండు మూడేళ్ళ ప్రశ్నపత్రాలను చూడడం మంచిది. నిర్వచనాలు వ్రాస్తే సరిపోయే విషయాన్ని గ్రంథాలయంలో కూర్చొని సొంతంగా చదువుకొనవచ్చు. లెక్కలు, వాదప్రతివాదాలు, క్షేత్రపరిశీలన ఉన్న విషయానికి గురువు, తోటివారు కావాలి. కట్టిన ఫీజును అటువంటి దానిపై వినియోగించడమే లాభం.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. అధ్యాపకులు దొరకలేదని రెండే శాఖలు తెరిస్తే అది ఐచ్ఛికం అనిపించుకొనదు. మరొక కళాశాల అధ్యాపకుని వారానికి రెండు రోజులైనా పిలిపించవచ్చు. అయితే ముగ్గురి కోసం తరగతి నడపడం ఏ సంస్థకైనా కష్టమే. అందువలన ఒక విషయం కావాలనుకొన్న విద్యార్థులు రెండవ సెమిస్టరు పరీక్షలకు ముందే తమవంటివారిని కూడగట్టి, సంతకాలతో ప్రిన్సిపాలుగారికి వ్రాసి ఇవ్వాలి. తరగతులు మొదలైన తరువాత అడిగితే అధ్యాపకుని వెదికే వ్యవధి ఉండదు.