అవ్వ గొంతులో దాటిన ఏరు

బేరిగై పేరు విన్న పాఠకులు తక్కువమందే ఉంటారు. హోసూరునుంచి బాగలూరు మీదుగా బస్సులో పోతే, కన్నడ రాజ్యపు పొలిమేర ఇంకా దాటకముందే వచ్చే ఊరు. కృష్ణగిరి జిల్లాలోనిది. అంగడిలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. ఒకే బేరం మూడు భాషలలో సాగి ముగియడం మేమే విన్నాము. ఇంటిలోపల మాత్రం చాలా కుటుంబాలలో తెలుగే.

ఈ సీమ పాత పేరు మొరసునాడు. హోసూరు, కోలారు, కుప్పం, పుంగనూరు ప్రాంతాలన్నీ అందులోనివే. ఈ నాటి కాపులు తమ పూర్వీకులు కంచి దిక్కునుంచి పారిపోయి వచ్చినవారని చెప్పుకొంటారు. బలవంతుడైన ఒక పాలకుడు వారి ఆడబిడ్డను తనకిమ్మన్నాడట. ఇవ్వలేక, ఎదిరించలేక, రాత్రికి రాత్రే బండ్లు కట్టారట. మైసూరు గెజెటీరు వ్రాసిన లూయీ రైసు దొర ఈ కథను గ్రంథస్థం చేశాడు. ఏడుగురు అన్నదమ్ములు నందికొండకు తూర్పున రామస్వామి బెట్ట పాదాన బండ్లు విప్పారనీ, పిమ్మట ఆవతిలో స్థిరపడ్డారనీ అందులో ఉన్నది. 1537లో బెంగుళూరు కోట కట్టించిన కెంపేగౌడ వంశమూ ఆ కొమ్మదేనంటారు.

మా మిత్రులొకరి అవ్వ బేరిగైలో ఉండేది. తొంభై దాటిన మనిషి. ఆమె ఈ కథ చెబుతుంటే మనుమడు సెల్ ఫోనులో పట్టి ఉంచాడు. నలభై నిమిషాలు. అందులో రాజుల పేర్లు లేవు, శతాబ్దాలు లేవు. పొయ్యిమీదే విడిచిన సంగటికుండ ఉన్నది. తల్లిని వదలక బండివెంట పరుగెత్తిన దూడ ఉన్నది. ఏడిస్తే పట్టుబడతామని పసిబిడ్డ నోటికి అడ్డం పెట్టిన కొంగు ఉన్నది. ఎదురుగా ఏరు పొంగితే ఆడబిడ్డ చెవికమ్మ తీసి నీళ్లలో వేయగా ఏరు రెండుగా చీలి దారి ఇచ్చింది. “బండ్లు దాటిపోయిరి, ఎవురూ ఎనక్కి తిరిగి చూడల్యా” అని అవ్వ ఆగుతుంది. ఆ ఆగడం చాలాసేపు. ఫోను ఆగిపోయిందేమోనని మనకు అనుమానం వస్తుంది.

అవ్వ పోయిన తరువాత ఆ ఇంట్లో ఎవరూ దానిని వినలేకపోయారు. కూతురికైతే ఆ గొంతు మొదలైతే చాలు, కళ్లనీళ్లు. రాత్రులు నిద్ర లేదు. మనుమడు మా దగ్గరకు వచ్చి, “దీనిని పాటగా చేస్తే అమ్మ వినగలదేమో” అన్నాడు. మేము సరే అన్నాము. అనడం తేలిక.

మొదటి ప్రయత్నం మా తెలివితక్కువ. కథను చరణాలుగా విరిచి, ప్రాసలు కుదిర్చి, హార్మనీ పెట్టెమీద సినిమా ఫక్కీలో వరుస కట్టి వినిపించాము. కూతురు మర్యాదకు రెండు చరణాలు విని, పొయ్యిమీద పాలున్నాయని లేచి వెళ్లింది. పాలు లేవని మాకు తరువాత తెలిసింది.

అప్పుడే అమెరికా స్వరకర్త స్టీవ్ రైష్ 1988లో చేసిన ‘డిఫరెంట్ ట్రెయిన్స్’ గుర్తుకు వచ్చినది. హిట్లరు కాలంలో చావు తప్పించుకొని అమెరికా చేరిన యూదుల మాటలు అంతకు ముందే టేపులమీద ఉన్నాయి. రైష్ వాటికి వరుస కట్టలేదు. మాటలోనే ఉన్న వరుసను వెదికాడు. మనిషి మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కుతుంది, దిగుతుంది, ఒకచోట నిలుస్తుంది. ఆ ఎక్కుదిగుళ్లను స్వరాలుగా వ్రాసుకొని నాలుగు తంత్రీవాద్యాలచేత పలికించాడు. మనిషి గొంతూ వెంటనే వినిపిస్తుంది. ఇంకా వెనుకకు పోతే, 1946లోనే డేవిడ్ బోడర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉక్కుతీగమీద శబ్దం ఎక్కించే యంత్రం మోసుకొని ఐరోపాకు వెళ్లి, ఇల్లూ వాకిలీ పోగొట్టుకొన్న వందమందికి పైగా మాటలు పట్టాడు. వారు చెప్పడమే కాదు, పాడారు కూడా.

ఆ దారిన మళ్లీ మొదలుపెట్టాము. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకొని అవ్వ మాటను ముక్కముక్కగా విన్నాము. ‘ఏరు’ అనే మాట దగ్గర ఆమె గొంతు ప్రతిసారీ పైకి పోతుంది. ‘బిడ్డ’ దగ్గర కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. నలభై నిమిషాలలో ఏడు వాక్యాలు మాత్రం తీసుకొన్నాము. ప్రాస మానివేశాము. సువ్వి పాటలకు పడే రోకటిదెబ్బ ఒక్కటే తాళం. ఆమె ఆగినచోట మేమూ ఆగాము. అక్కడ దెబ్బ కూడా లేదు. మొదట ఆమె గొంతు, తరువాత అదే వాక్యం ఇంటి పిల్లల పాట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాగంతో రోగం పోతుందని మేము అనము. మదరాసులో కీ.శే. కున్నక్కుడి వైద్యనాథన్ గారు రాగ పరిశోధన కేంద్రం స్థాపించి ఈ విషయం పట్టించుకొన్నారు. నీలాంబరి నిద్ర తెప్పిస్తుందని మన పెద్దలూ అంటారు. అయినా నిద్రలేమి ముదిరితే వైద్యునివద్దకే పోవాలి. కూతురినీ మేము పొమ్మనే చెప్పాము. పాట చేయగలిగినది వేరు. ఒంటరిగా వినలేని గొంతును నలుగురితో కూడి వినేటట్టు చేయగలదు.

పిల్లల సంగతీ ఉన్నది. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టంతో తమిళనాటి బడులలో ఒకటో తరగతి మొదలు ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళం తప్పనిసరి అయినది. తమిళం నేర్చుకోవడం మంచిదే, ఆ గడ్డమీద బ్రతికేవారికి అవసరమే. కాని ఇంట్లో తెలుగు మాట్లాడే ఆ ముగ్గురు పిల్లలలో తెలుగు అక్షరం వచ్చినవారు ఒక్కరూ లేరు. కథ వ్రాసి ఇస్తే చదవలేరు. చెవితోనే నేర్చుకొన్నారు, రెండు రోజులు పట్టింది.

కూతురిని మేము పిలవలేదు. వసారాలో పిల్లలు పాడుతుండగా లోపలినుంచి వచ్చి గడపమీద కూర్చున్నది. చెవికమ్మ వేసేచోట పెద్దపిల్ల ఒకే ఊపిరిలో పాడుకుపోయింది.

“అట్ల కాదు పాపా” అన్నది. “మా యమ్మ ఆడ గంగమ్మను పిలిచేది. పిలిచి, నిలబడేది.”

ఆ పిలుపు ఫోనులో లేదు. ఆమె పాడి చూపించినది. మనుమడు ఫోను తీసి మళ్లీ పట్టడం మొదలుపెట్టాడు.