క్వింటాకు 50 రూపాయలు ఇస్తే రైతుకు తిరిగొచ్చేది ఎంత?



పై వీడియోలో మా సంఘం మీటింగ్ కొంచెం చూపించాను కదా. ఆ రోజు గొడవ ఎక్కడ మొదలైందో, తర్వాత నేను చదివి తెలుసుకున్నదేంటో వీడియోలో పూర్తిగా చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

మా సంఘంలో దేశీ వరి, కంది, పసుపు పండించే ప్రకృతి రైతులం 60 మందిమి ఉన్నాం. కలిసి అమ్ముకుంటాం. ఈసారి ఒక ప్రతిపాదన వచ్చింది. అమ్మే ప్రతి క్వింటాకు 50 రూపాయలు ఉమ్మడి నిధికి పట్టుకుందాం, ఆ డబ్బుతో మందుల అవశేషాల పరీక్షలు, ప్యాకింగ్, పట్నంలో ప్రచారం చేద్దాం అని. సగం మంది సరే అన్నారు. వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచాడు. "ఇవ్వడానికేం బాబూ, ఇస్తాం. ఆ 50కి నాకు ఎంతొస్తుందో చెప్పు. పోయినసారి స్టాలు పెడతామని తలా వెయ్యి తీసుకున్నారు. ఆ లెక్క ఇంతవరకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

ఆ వెయ్యి వసూలు చేసినవాళ్లలో నేనూ ఉన్నా. జవాబు చెప్పలేక తల దించుకున్నా.

ఇంటికొచ్చాక ఆలోచించా. పంట మీద రైతులే డబ్బు కట్టి, రైతులే నడుపుకునే సంస్థలు వేరే దేశాల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. పెద్దాయన అడిగిన ప్రశ్న అక్కడి రైతులూ అడిగారు. కోర్టులకెళ్లారు, ఓట్లేశారు. వాళ్ల అనుభవం చూస్తే మనకు దారి దొరుకుతుంది.

పంట కమిషన్ అంటే ఏంటి?

కమిషన్ అనగానే మనకు మండీలో దళారీ కమిషన్ గుర్తొస్తుంది. లెవీ అంటే ఒకప్పుడు మిల్లర్ల దగ్గర సేకరించిన లెవీ బియ్యం గుర్తొస్తుంది. ఇవి రెండూ కావు. ఇక్కడ కమిషన్ అంటే ఒక పంట రైతులందరి కోసం చట్టం ప్రకారం ఏర్పడిన మండలి. లెవీ అంటే ఆ మండలికి ప్రతి రైతూ అమ్మకం మీదో, ఎకరం మీదో కట్టే చందా. చాలాచోట్ల ఇది తప్పనిసరి. ఆ డబ్బు పరిశోధనకు, తెగుళ్ల నిఘాకు, ప్రచారానికి, ఎగుమతి మార్కెట్లకు వాడతారు.

తప్పనిసరి ఎందుకంటే, చెరువు కాలువ పూడిక సంగతే తీసుకోండి. పది మంది తీస్తే నీళ్లు అందరికీ పారతాయి. తీయనివాడి పొలమూ తడుస్తుంది. అప్పుడు వచ్చే ఏడు ఆ పది మంది కూడా మానేస్తారు. అందుకే ఇంటికొకరు రావాల్సిందే అని ఊరు కట్టుబాటు పెట్టుకుంటుంది. పంట పరిశోధన కూడా అలాంటిదే. ఫలితం కట్టినవాడికీ, కట్టనివాడికీ అందుతుంది.

ఇంతవరకు న్యాయంగానే ఉంది. మరి గొడవ ఎక్కడొచ్చింది?

బ్రిటన్ రైతులు వద్దన్నారు

బ్రిటన్‌లో 2008లో రకరకాల పంటల, పశువుల మండళ్లన్నీ కలిపి ఏహెచ్‌డీబీ అని ఒకే సంస్థ చేశారు. కూరగాయలు, పండ్లు, పూల రైతులు తమ అమ్మకాల్లో 0.5 శాతం కట్టేవాళ్లు. అంటే లక్షకు 500 అన్నమాట. బంగాళాదుంప రైతులు హెక్టారుకు 42.62 పౌండ్లు కట్టేవాళ్లు.

అక్కడి చట్టంలో ఒక మంచి నిబంధన ఉంది. లెవీ కట్టేవాళ్లలో 5 శాతం మంది అడిగితే, లెవీ ఉండాలా వద్దా అని ఓటింగ్ పెట్టాల్సిందే. రైతులు అడిగారు. 2021 మొదట్లో ఓటింగ్ జరిగింది. కూరగాయలు, పండ్ల రైతుల్లో ఓటేసినవాళ్లలో 61 శాతం, బంగాళాదుంప రైతుల్లో 66 శాతం "వద్దు" అన్నారు. 2022లో చట్టం మార్చి ఆ రెండు లెవీలూ తీసేశారు.

ఇది చదివి "చూశారా, రైతులు గెలిచారు" అనుకున్నా. కానీ రెండో పక్క కూడా చూడాలి. బంగాళాదుంప నిల్వలో మొలకెత్తకుండా సీఐపీసీ అనే రసాయనం వాడేవాళ్లు. 2020 అక్టోబరు తర్వాత దాన్ని వాడకూడదన్నారు. బదులుగా పుదీనా జాతి మొక్క నూనె, ఇథిలీన్ వాయువు లాంటివి ఎలా వాడాలో రైతులకు తెలియాల్సిన సమయం అది. సరిగ్గా అలాంటి నిల్వ ప్రయోగాలు చేసే సటన్ బ్రిడ్జ్ కేంద్రం లెవీ డబ్బుతో నడిచేది. 2021లో ఆ కేంద్రం మూతపడింది.

నిల్వ పరిశోధన ఏ ఒక్క రైతూ తన షెడ్డులో చేసుకోలేడు. రైతు డబ్బు పెట్టకపోతే ఇక అమ్మేవాడే పెట్టాలి. అమ్మేవాడు తన డబ్బాలో సరుకు మీదే పరిశోధన చేయిస్తాడు కానీ, మన పెరట్లో దొరికేదాని మీద చేయించడు. ప్రకృతి రైతులకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

"డాలరుకు 11 డాలర్లు" అనే లెక్క

అమెరికాలో ఈ లెవీని చెకాఫ్ అంటారు. అక్కడ అమ్మే పశువులకు తలకి ఒక డాలరు తప్పనిసరి. ఇలాంటి కార్యక్రమాల వల్ల ఎంత లాభమో ఐదేళ్లకోసారి స్వతంత్రంగా లెక్క కట్టించాలని 1996 నాటి చట్టం చెబుతుంది. కార్నెల్ యూనివర్సిటీ ఆర్థికవేత్త హ్యారీ కైజర్ 2014లో ఇచ్చిన లెక్కలో, పశువుల చెకాఫ్‌లో పెట్టిన ప్రతి డాలరుకు 11.20 డాలర్లు తిరిగొచ్చాయని తేల్చారు.

వినడానికి బ్రహ్మాండంగా ఉంది. అబద్ధమని నేను అనను. కానీ ఆ లెక్క ఎలా కడతారో తెలుసుకోవాలి. ప్రచారం లేకపోతే గిరాకీ ఎంత ఉండేదో గణిత సూత్రాలతో ఊహించి, అసలు గిరాకీతో పోలుస్తారు. వచ్చిన తేడా మొత్తం రంగానిది, సగటున. అందులో పెద్ద కమతానికి ఎంత, చిన్న రైతుకు ఎంత అనేది ఆ ఒక్క అంకెలో కనబడదు. వంద మంది సగటు ఆదాయం బాగున్నా, అందులో మన ఇల్లు గడవకపోవచ్చు కదా.

ఇంకో ఇబ్బంది. ఉమ్మడి ప్రచారం "ఈ సరుకు తినండి" అని మాత్రమే చెబుతుంది, "నా సరుకు వేరు" అని చెప్పదు. తేడా చూపించి అమ్ముకునే రైతు, తన డబ్బుతో ఎదుటివాడి సరుకును కూడా పొగిడినట్టు అవుతుంది. కొందరు పశుపోషకులు దీని మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2005లో కోర్టు, ఇది ప్రభుత్వం మాట్లాడే మాట కిందకు వస్తుంది కాబట్టి చెల్లుతుందని తీర్పిచ్చింది. రైతులు ఓడిపోయారు.

సేంద్రియ రైతులు ఏం చేశారు?

మనకు ముఖ్యమైంది ఇదే. అమెరికాలో 2002 వ్యవసాయ చట్టం పూర్తిగా సేంద్రియ పంటలే పండించే రైతులకు చెకాఫ్ నుంచి మినహాయింపు ఇచ్చింది. 2014 చట్టం దాన్ని విస్తరించింది. కొంత సేంద్రియం, కొంత మామూలు సాగు చేసేవాళ్లకు కూడా వాళ్ల సేంద్రియ సరుకు మీద మినహాయింపు వచ్చింది.

ఆ తర్వాత సేంద్రియ వ్యాపార సంఘం ఒకటి, "మనకే విడిగా ఒక చెకాఫ్ పెట్టుకుందాం" అని 2015లో ప్రభుత్వాన్ని అడిగింది. ఏడాదికి 3 కోట్ల డాలర్ల దాకా వస్తాయన్నారు. మన సరుకు పేరుతో మన ప్రచారం, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ సేంద్రియ రైతుల్లోనే చాలామంది ఒప్పుకోలేదు. బ్రాండ్లున్న పెద్ద కంపెనీలే పెత్తనం చేస్తాయి, ప్రచారంతో గిరాకీ పెరిగితే అది దిగుమతి సరుకుతో నిండుతుంది అని వాళ్ల భయం. 2017 జనవరిలో ప్రభుత్వం ముసాయిదా విడుదల చేసింది. సేంద్రియ రంగంలోనే ఏకాభిప్రాయం లేదని 2018 మేలో విరమించుకుంది.

డబ్బు కట్టడానికి వెనకాడి కాదు వాళ్లు వద్దన్నది. ఆ డబ్బు మీద తమ మాట చెల్లదనిపించి వద్దన్నారు.

బాగా నడిచేచోట ఏముంది?

ఆస్ట్రేలియాలో ఉన్ని రైతులు మూడేళ్లకోసారి ఓటేసి, లెవీ ఎంత శాతం ఉండాలో వాళ్లే తేలుస్తారు. 2018లో 2 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గించారు. సంస్థ బోర్డు మాత్రం 2 శాతమే ఉంచమంది. రైతుల మాటే చెల్లింది. కెనడాలో ఆల్బర్టా గోధుమ, బార్లీ రైతులకైతే కట్టిన లెవీ నచ్చకపోతే అర్జీ పెట్టి వెనక్కి తీసుకునే హక్కు ఉంది.

మన దగ్గర మార్కెట్ యార్డు సెస్సు చూడండి. 1966 చట్టం ప్రకారం కట్టేది కొనేవాడే అయినా, వాడు దాన్ని లెక్కలో వేసుకునే మనకు ధర చెబుతాడు. ఆ సెస్సు ఎంత ఉండాలో, దేనికి ఖర్చు పెట్టాలో మనల్ని ఓటు అడిగినవాళ్లు లేరు. మరోవైపు 1982లో మన తెలుగువాడు బి.వి.రావు చొరవతో కోడిగుడ్ల రైతులు నెక్ పెట్టుకున్నారు. అది స్వచ్ఛందం. రోజూ గుడ్డు ధర ప్రకటించడం, టీవీల్లో గుడ్డు ప్రచారం అన్నీ దాని పనే. అంటే రైతులు తమంతట తాము కూడబలుక్కుని చేసుకోవడం మనకు చేతకాని పనేం కాదు.

పెద్దాయనకు నా జవాబు

క్వింటాకు 50 అంటే కిలోకు 50 పైసలు. మా సంఘం ఏడాదికి సుమారు 1,200 క్వింటాళ్లు అమ్ముతుంది. అంటే 60,000 రూపాయలు. ఈ నిధి వల్ల కిలోకు 50 పైసల కంటే ఎక్కువ ధర వస్తే లాభం, రాకపోతే నష్టం. పోయినేడు ధరతో పోల్చితే సరిపోదు, మార్కెట్టే పెరిగి ఉండొచ్చు. అదే రోజు, అదే సరుకు, సంఘంలో లేని పక్క రైతుకు ఎంత వచ్చిందో రాసుకోవాలి. ఆ తేడాయే మన అసలు లెక్క.

వచ్చే మీటింగ్‌లో నేను ఐదు షరతులు పెడుతున్నా:

1. డబ్బు ముందు ఒక్కడి వల్ల కాని పనులకే. అవశేషాల పరీక్ష, విత్తన శుద్ధి యంత్రం, నిల్వ. ప్రచారం ఆ తర్వాత.

2. రెండేళ్లే గడువు. మళ్లీ ఓటేస్తేనే కొనసాగాలి. ఎకరం ఉన్నా పదెకరాలున్నా మనిషికి ఒకే ఓటు.

3. ఏడాది చివర నచ్చనివాళ్లు తమ వాటాలో ఖర్చు కాని డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.

4. ప్రచారం చేస్తే మన పద్ధతి పేరుతో, మన ఊరి పేరుతో చేయాలి. ఉత్తినే "బియ్యం తినండి" అని కాదు.

5. మూడు నెలలకోసారి లెక్క సంఘం గోడ మీద రాయాలి. ఫోన్ గ్రూపులో పెడితే సరిపోదు, ఫోన్ లేనివాళ్లూ ఉన్నారు.

ఈ ఐదూ ఒప్పుకుంటే 50 ఇవ్వడం దండగ కాదని నా నమ్మకం. బ్రిటన్ రైతుల్లా మొత్తం వదిలేస్తే, మనకు కావాల్సిన పరీక్షలు, ప్రయోగాలు చేసేవాడు ఉండడు. ఓటు, లెక్క లేకుండా కట్టేస్తే అది చందా కాదు, పన్ను.

ఇవన్నీ చెప్పే ముందు నేను చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఆ తలా వెయ్యి రూపాయల పాత నోటుబుక్కు వెతికి తీశా. స్టాలు అద్దె, వ్యాను కిరాయి, అచ్చు కాగితాలు అన్నీ ఉన్నాయి. 3,400 రూపాయలకు మాత్రం రసీదు లేదు. మీటింగ్‌లో ముందు అది చదువుతా. పెద్దాయన ఏమంటాడో విన్నాకే 50 రూపాయల మాట ఎత్తుతా.

ఆ మీటింగ్ వచ్చే వీడియోలో పెడతా. మీ సంఘంలో ఇలాంటి నిధి నడుస్తుంటే, ఎంత పట్టుకుంటున్నారో, ఏం ఒరిగిందో రాయండి. మిగతా రైతులకు పనికొస్తుంది.

ఉంటాను మరి.